గంటకు మీటరు బట్ట
(జాతీయ చేనేత దినోత్సవం నాడు ఒక టెక్స్‌టైల్ కళాశాల విద్యార్థులతో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ముందు వరసలోని మాస్టర్ వీవర్లకు, వెనక వరసల్లో అప్పుడే ఫోన్లు తీసిన పిల్లలకు నమస్కారం. వద్దన్నా శాలువా కప్పారు. పట్టుకుని చూస్తే పవర్‌లూమ్‌ది. చేనేత దినోత్సవం నాడు! సరే, పోనివ్వండి.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ప్రకటన, దాని గుర్తుగా 2015 నుంచి ఈ దినోత్సవం. ఇదంతా ఇందాక సందేశాల్లో చదివారు కాబట్టి మళ్లీ చెప్పను. అసలు నేను చేనేత మనిషిని కాను. పడుగూ పేకా లేకుండా అల్లే నిట్ బట్ట నా వృత్తి. తిరుప్పూరులో నిట్టింగ్ మాస్టర్‌గా చేశాను. బనియన్ బట్టతోనే నా జీవితం గడిచింది.

జపాన్‌లో నిట్ పరిశ్రమ ఎలా కోలుకుందో చెప్పమన్నారు. ముందే ఒకటి చెప్పేస్తాను. ఆ దేశంలో అమ్ముడయ్యే బట్టల్లో నూటికి 98 దిగుమతి సరుకే. 1985లో డాలరు విలువ తగ్గించాలని పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత జపాన్ యెన్ విలువ ఒక్కసారిగా పెరిగింది. డాలరుకు 240 యెన్‌లు ఉన్నది రెండేళ్లు తిరిగేసరికి 120 దగ్గరికి వచ్చింది. ఆర్డర్లన్నీ చైనాకు పోయాయి. నీగతలో గోసెన్ స్వెటర్ల ఊరు, నారాలో కోర్యో సాక్సుల ఊరు, అన్నిటికీ దెబ్బ తగిలింది. కాబట్టి పరిశ్రమంతా కోలుకుందని ఎవరైనా అంటే నమ్మకండి. కోలుకున్నది కొంచెమే. ఆ కొంచెం ఎలా కోలుకుందో చూడటానికే నేను వకయామా వెళ్లాను.

ఒసాకాకు దక్షిణాన సముద్రం పక్క ఊరు. 1909లో స్విట్జర్లాండ్ నుంచి గుండ్రటి అల్లిక మెషీన్లు తెప్పించుకుని మొదలుపెట్టారు. ఇప్పటికీ జపాన్‌లో సర్క్యులర్ నిట్ బట్ట ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఆ ఊళ్లో త్సురి-అమి అనే పాత మెషీన్లున్నాయి. మన సిలబస్‌లో లూప్‌వీల్ అని ఒక్క పేరాలో కొట్టిపారేస్తారే, అవి.

మెషీన్ నేల మీద ఉండదు. పైన దూలానికి వేలాడుతుంది. బెల్టు మీద నడుస్తుంది. అందులో సూదులు బియర్డ్ నీడిల్స్. సూది కొన పొడుగ్గా వెనక్కి వంగి ఉంటుంది. నూలు లోపలికి వచ్చాక ఒక చక్రం ఆ కొనను నొక్కి మూస్తుంది, పాత లూప్, అంటే అంతకుముందు అల్లిన నూలు ఉచ్చు, దాని మీదుగా జారిపోతుంది. నిమిషానికి 24 చుట్లు. అల్లిన బట్టను కిందికి లాగే రోలర్ లేదు. తన బరువుకు తనే దిగుతుంది. దిగి దిగి గంటకు ఒక మీటరు! మీ ల్యాబులో ఉన్న కొత్త మెషీన్ ఎంత ఇస్తుందో మీకు తెలుసు, నవ్వుకోండి.

కానీ లాగలేదు కాబట్టి నూలు అలవలేదు. లూప్ బొద్దుగా ఉంటుంది. ఎన్ని ఉతుకులు వేసినా బట్ట ఆకారం పోదు. చేతిలో పట్టుకుంటే చద్దన్నం మీద మీగడ పెరుగు గుర్తొచ్చింది నాకు. మెషీన్ వ్యాసం ఎంతో బట్ట గొట్టం అంతే, కాబట్టి ఒక్కో సైజుకు ఒక్కో మెషీన్ కావాలి. ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు చెప్పండి? 1960ల్లో అమెరికా, జపాన్ రెండూ వీటిని తుక్కుకు వేసుకున్నాయి.

మరి వకయామాలో ఎందుకు మిగిలాయి? ఒకరిద్దరు యజమానులు మొండివాళ్లు. 1920లో పెట్టిన కానెకిచి కంపెనీ అలాంటిది. తర్వాత విచిత్రం జరిగింది. 1990ల్లో జపాన్ కుర్రాళ్లకు పాత అమెరికా స్వెట్‌షర్ట్‌ల పిచ్చి పట్టింది. ఆ పాత బట్ట ఈ మెషీన్ మీదే వస్తుంది. 1999లో సతోషి సుజుకి అనే ఆయన లూప్‌వీలర్ పేరుతో బ్రాండ్ పెట్టి, ఈ బట్టతోనే స్వెట్‌షర్ట్‌లు కుట్టించి, ఈ నిదానానికి తగ్గ ధర పెట్టి అమ్మాడు. సబ్సిడీ కాదు, సానుభూతి కాదు. కొనేవాడికి ఆ బట్టే కావాలి, అంతే.

అదే ఊళ్లో అల్లిక మెషీన్లు తయారుచేసే షిమా సెయ్‌కీ కంపెనీ కూడా ఉంది, మరిచిపోకండి. దాన్ని పెట్టిన మసహిరో షిమా గ్లవ్స్ అల్లే మెషీన్లతో మొదలుపెట్టాడు. మూడు వేళ్ల గ్లవ్‌ను తలకిందులుగా ఊహించండి: మధ్య వేలు ఒళ్లు, పక్క రెండూ చేతులు. స్వెటరే కదా! ఆ ఆలోచనతో కుట్టే లేకుండా స్వెటర్ మొత్తం ఒకేసారి అల్లే మెషీన్ చేసి 1995లో మిలాన్ ప్రదర్శనలో పెట్టాడు. దీని గురించి మీ సార్లు పాఠాలు చెప్తారు, నేను ఆగను.

నేను ఆగేది ఆ పాత త్సురి-అమి మెషీన్ల మెకానిక్ దగ్గర. డెబ్బై దాటిన మనిషి. బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చి, ఏ మెషీన్నీ ముట్టుకోకుండా వరస చివరి దాకా నడిచాడు. నాలుగోదాని దగ్గరికి వెనక్కి వచ్చి తల వంచి విన్నాడు. సన్నటి పట్టకారు లాంటి పనిముట్టు తీసి ఒక్క సూదిని వెంట్రుక మందం వంచాడు. చప్పుడు మారింది. నాకు తేడా తెలిసింది, మీకు తెలిసేది కాదేమో. ఆ మెషీన్లు ఇప్పుడు ఎవరూ తయారు చేయట్లేదు. విడిభాగం కావాలంటే పాడైనదాన్ని విప్పాల్సిందే. ఆయన పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాడు. వాడికి నెల జీతం వస్తోంది. అది ముఖ్యం. నేర్చుకుంటున్నందుకు జీతం!

జపాన్‌లో అంతా బంగారమని నేను అనను. పని నేర్పిస్తామని విదేశీయులను తెచ్చుకునే టెక్నికల్ ఇంటర్న్ పథకం కింద వియత్నాం నుంచి, చైనా నుంచి తెచ్చిన ఆడపిల్లలతో కుట్టు యూనిట్లలో ఓవర్‌టైమ్ చేయించుకుని డబ్బులు ఎగ్గొట్టారన్న ఫిర్యాదులు కోకొల్లలు. చివరికి 2024లో ఆ పథకాన్నే ఎత్తేస్తూ చట్టం చేశారు. మీలో జపాన్ వీసా గురించి అడిగే వాళ్లుంటే ముందు ఇది చదవండి.

బ్రాండ్ గురించి కూడా అడుగుతారు. జపాన్‌లోనే ఇమాబరి అనే ఊరి తువ్వాళ్లను చూడండి. అది నేత బట్టే, అయినా చెప్తాను. 2006లో కషివా సాటో అనే డిజైనర్ చేత లోగో గీయించారు. కానీ తువ్వాలు ముక్క నీళ్లలో వేస్తే 5 సెకన్లలోపు మునగాలి. మునగకపోతే లోగో ఇవ్వరు. మన దగ్గర ఫలానా ఊరి సరుకని చెప్పే జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వస్తే సభ పెడతాం, దండలు వేసుకుంటాం, తర్వాత అదే పేరుతో ఎవడో ప్రింట్ చీర అమ్ముతుంటే చూస్తూ కూర్చుంటాం. పరీక్ష ఏదీ?

చిట్టీ వచ్చింది, టైమైపోయిందట. ఇంకొక్క మాట, అసలు నేను ఒప్పుకుని వచ్చింది దీనికోసమే.

నేను పనిచేసిన ఒక మిల్లులో పాత మెషీన్లను కిలోల లెక్కన తుక్కు వ్యాపారికి అమ్మారు. ఒక్కటైనా ఉంచండి అంటే "మ్యూజియమా ఇది?" అన్నారు. లారీ ఎక్కించేటప్పుడు నూనె డబ్బా కూడా మెషీన్‌కే కట్టి ఉంది, విప్పే ఓపిక కూడా లేదు వాళ్లకు. ఇవాళ పొద్దున మీ క్యాంటీన్ వెనక షెడ్‌లోకి వెళ్లి చూశాను. అక్కడ టార్పాలిన్ కింద పాత బనియన్ మెషీన్ ఒకటుంది. ఒక పక్క తుప్పు పట్టింది కానీ సిలిండర్ చెక్కుచెదరలేదు, చేత్తో తిప్పితే తిరిగింది. దాని మీద "వేలం" అని సుద్దతో రాసి ఉంది.

ప్రిన్సిపాల్ గారూ, మైకులోనే అడుగుతున్నాను, ఏమనుకోకండి. ఆ వేలం ఆపండి. సూదులు నేను వెతుకుతాను, తిరుప్పూరులో పాత స్టాకు ఎక్కడుందో నాకు తెలుసు. ప్రతి శనివారం వస్తాను, బస్సు ఛార్జీ కూడా వద్దు. పిల్లలూ, నాతో నూనె పూసుకోవడానికి నలుగురు కావాలి. చేతులెత్తండి. వెనక వరసలో ఆ అబ్బాయి ఎత్తాడు. పేరు రాసుకోండి మేడమ్. ఇంకా ముగ్గురు.