ప్లిక్కర్స్ కార్డులు రివ్యూ: ఐటీఐ క్లాసుకి సూపర్, కానీ ఈ ప్యాక్ మాత్రం కొనకండి

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తా, ఈ కార్డుల ప్యాక్ నేను కొన్నది కాదు, ఒక ప్రింటింగ్ వాళ్ళు ఫ్రీగా పంపి రివ్యూ చెయ్యమన్నారు. డబ్బులివ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు, పాపం చెప్పుంటే బావుండేది వాళ్ళకి.

ప్లిక్కర్స్ అంటే ఏంటి, అకౌంట్ ఎలా ఓపెన్ చెయ్యాలి, ఇదంతా వేరే వీడియోల్లో బోల్డంత ఉంది. ఒక్క ముక్కలో చెప్తా. ఒక్కో స్టూడెంట్ చేతిలో ఒక పేపర్ కార్డు, దాని మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, నాలుగు వైపులా ఎ, బి, సి, డి. తన ఆన్సర్ పైకొచ్చేలా తిప్పి పట్టుకుంటాడు, మనం ఫోన్ కెమెరా క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తది. పిల్లల దగ్గర ఫోన్ అక్కర్లేదు, ఫోనూ నెట్టూ మనకుంటే చాలు.

నాకు ఇందులో పిచ్చిపిచ్చిగా నచ్చింది ఒక్కటే, దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతా, ఓపిక పట్టండి. కంపెనీ వాళ్ళ ఒరిజినల్ కార్డులో ఆ ఎ బి సి డి అక్షరాలు చీమంత ఉంటాయి, పైగా ఏ కార్డు బొమ్మ దానిదే. అంటే పక్కనోడు ఏం పెట్టాడో మనోడికి కనపడదు, కనపడినా ఆ గళ్ళు చూసి ఏం తెలుస్తది! మన ఐటీఐ, పాలిటెక్నిక్ క్లాసుల సంగతి మీకు తెలిసిందేగా, "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని కోరస్, చేతులెత్తండి అంటే ముందు బెంచీలో బాగా చదివేవాడు ఎటెత్తితే వెనకాల అందరూ అటే. ఈ కార్డుతో ఆ దారి మూసుకుపోతది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లోడు కూడా ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే, తప్పు పెట్టినా నలుగురిలో పరువేం పోదు.

ఎగ్జాంపుల్ చెప్తా. నాది ఎలక్ట్రీషియన్ ట్రేడ్. డైరెక్టుగా డెల్టాలో స్టార్ట్ చేస్తే మోటార్ తీసుకునే లైన్ కరెంటుతో పోలిస్తే స్టార్ డెల్టా స్టార్టర్‌తో (మోటార్ వైండింగ్‌లని ముందు స్టార్‌గా కలిపి స్టార్ట్ చేసి, తర్వాత డెల్టాకి మార్చేది) స్టార్టింగ్‌లో ఎంత వస్తది? ఎ సగం, బి మూడో వంతు, సి 58 శాతం, డి ఏం తేడా ఉండదు. స్కాన్ చేస్తే ఆన్సర్ల గ్రాఫ్‌లో బార్ మొత్తం సి మీదకి లేచింది. ఎందుకంటే వైండింగ్ మీద 415 వోల్టులు కాస్తా 240 అవుతాయని వాళ్ళకి బాగా తెలుసు, రూట్ 3తో భాగించేసి అక్కడే ఆగిపోయారు. డెల్టాలో లైన్ కరెంటు ఫేజ్ కరెంటుకి (అంటే ఒక్కో వైండింగ్‌లో పారేదానికి) రూట్ 3 రెట్లుంటది, స్టార్‌లో రెండూ ఒకటే, కాబట్టి ఇంకో రూట్ 3 తగ్గి మూడో వంతే వస్తది. బోర్డు మీద నేను ఎన్నిసార్లు రాసినా "అయింది సార్" అన్న బ్యాచే ఇది!

అప్పుడు ఆన్సర్ చెప్పకూడదు, ఇది ఇంపార్టెంట్. "పక్కనోడితో మాట్లాడుకోండి, మళ్ళీ పెట్టండి" అనాలి. ఇదేం నా సొంత తెలివి కాదండీ, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల నుంచి చేస్తున్న పద్ధతి, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఆయన లెక్క ప్రకారం సుమారు 30 నుంచి 70 శాతం మంది కరెక్ట్ పెడితేనే ఆ చర్చ పండుతుంది. అంతకన్నా తక్కువైతే ముందు మనమే ఇంకోసారి చెప్పుకోవాలి, ఎక్కువైతే ముందుకెళ్ళిపోవచ్చు. మావాళ్ళు 30 కన్నా కిందే ఉన్నారు, అందుకని డెల్టా బొమ్మేసి లైన్ కరెంటు ఎక్కడ రెండుగా విడిపోతుందో చూపించి, అప్పుడు వదిలా. క్లాసు సంతలా తయారైంది, కానీ అరుపులన్నీ రూట్ 3 గురించే. రెండో స్కాన్‌లో బార్ బి వైపుకి జరిగింది.

ఇంతకుముందు కహూట్ అని, పిల్లలు ఫోన్లలో ఆడే క్విజ్ యాప్ వాడేవాణ్ణి. సరదాగానే ఉంటది, ఆ మ్యూజిక్ మొదలైందంటే పక్క షెడ్ నుంచి ఫిట్టర్ సార్ వచ్చి తొంగి చూసేవాడు. కానీ అందరికీ ఫోన్లుండాలి, డేటా ఉండాలి, పైగా మామూలుగా అందులో తొందరగా నొక్కినోడికే ఎక్కువ పాయింట్లు. లెక్క వేసుకుని నొక్కేవాడు లాస్ అయిపోతాడు, ఇదెక్కడి న్యాయం! సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో అనే అమెరికా ఆవిడ 1970ల్లోనే చూపించింది, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగట్లేదని, మూడు సెకన్లు ఆగితే చాలు పిల్లలు పొడుగ్గా, ఆలోచించి జవాబు చెప్తున్నారని. ఈ కార్డులతో మనం ఆగక తప్పదు, ఫోన్ తిప్పేదాకా అందరికీ టైమే.

సరే, ఇప్పుడు ఈ ఫ్రీ ప్యాక్ సంగతి. అసలు వీళ్ళకి ఎవరు చెప్పారో గానీ, "ఇంప్రూవ్" చేశామని ఆ ఎ బి సి డిలని పెద్దగా, కలర్‌లో వేశారు! చివరి బెంచీ నుంచి కూడా చదవచ్చు. అరే బాబూ, ఆ కార్డుకున్న గొప్పంతా అది కనపడకపోవడంలోనే ఉంటే! మొదటి ప్రశ్నకే మావాళ్ళు పక్కకి చూసి తిప్పుకోవడం మొదలెట్టారు. చాలదన్నట్టు గ్లాసీ లామినేషన్, ట్యూబ్‌లైట్ పడితే తళతళా మెరిసిపోయి ఫోన్ చదవట్లేదు. "కొంచెం వంచు, ఇటు తిప్పు" అంటూ ఫొటో స్టూడియోలోలా అరుస్తూ కూర్చున్నా.

కాబట్టి ప్లిక్కర్స్‌కి మాత్రం కళ్ళు మూసుకుని ఎస్. ఈ ప్యాక్ వద్దు. సైట్‌లో పీడీఎఫ్ ఫ్రీగా ఉంటది, కొంచెం మందం పేపర్ మీద మీరే ప్రింట్ తీయించుకోండి, లామినేషన్ కావాలంటే మ్యాట్ అని గట్టిగా చెప్పండి. వేళ్ళు బొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకోమని మొదటిరోజే నేర్పండి. ట్రేడ్ థియరీ పరీక్ష ఎలాగూ ఇప్పుడు కంప్యూటర్ మీద ఆబ్జెక్టివే కాబట్టి ప్రాక్టీసూ అయిపోతది.

ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్ సార్లూ మేడమ్‌లూ, మీ ట్రేడ్‌లో ఇలాంటి ప్రశ్న ఒక్కటి కామెంట్‌లో పెట్టండి. కరెక్ట్ ఆన్సర్ పెట్టకపోయినా పర్లేదు, మీ పిల్లలు ఎక్కువగా పెట్టే తప్పు ఆప్షన్ ఏంటో అది రాయండి, నాకు కావాల్సింది అదే.