ముడత వేరు, వదులు వేరు

శ్రోతలకు నమస్కారం.

పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడుతోందంటే మా చర్మవైద్యుల దగ్గరికి ఒక రకం పేషెంట్లు రావడం మొదలవుతుంది. "మేడమ్, వచ్చే నెల మా చెల్లెలి కూతురి పెళ్ళి. చెంపలు ఇట్లా వేలాడతాంటే ఫోటోల్లో ఎట్ల కనపడతాను? ఏదన్నా ఇంజెక్షన్ వేసి బిగించండి" అంటారు. ఒకప్పుడు కర్నూలులో ఈ మాట అడగడానికే మొహమాటపడేవాళ్ళు. ఇప్పుడు నోరు తెరిచి అడుగుతున్నారు, మంచిదే. యాభై ఏళ్ళు దాటిన మనిషి తన ముఖం బాగుండాలనుకోవడంలో తప్పేముంది? "ఈ వయసులో నీకెందుకీ సోకు" అని ఇంట్లోవాళ్ళు అన్నారని నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళున్నారు. దయచేసి ఎవరూ ఆ మాట అనకండి.

నా దిగులల్లా ఒకటే. ముఖంలో ఏం మారిందో తెలుసుకోకముందే ఫలానా చికిత్స కావాలని చాలామంది నిశ్చయించుకుని వస్తారు. పక్కింటావిడ చేయించుకుంది, ఫోన్‌లో ఎవరో చూపించారు, అంతే. ముడత వేరు, చర్మం వదులు కావడం వేరు. ఒకదానికి పనిచేసేది రెండోదానికి పనిచేయదు. అది తెలియక పోసిన డబ్బు బూడిదలో పోసినట్టే.

ముందుగా ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని చేతిలో అద్దం పట్టుకోండి. కనుబొమలు పైకెత్తండి. తర్వాత కోపం వచ్చినట్టు వాటిని దగ్గరికి లాగండి. ఆ తర్వాత గట్టిగా నవ్వండి. నుదుటి మీద అడ్డగీతలు, కనుబొమల మధ్య నిలువుగీతలు, కంటి చివర సన్నగీతలు కనిపిస్తాయి. ఇక ముఖాన్ని వదిలేయండి. గీతలు మాయమైతే అవి కండరం లాగినందువల్ల వచ్చినవి. ముఖం కదలకపోయినా గీత అలాగే నిలిచి ఉంటే అది చర్మంలోనే పడిపోయిందని అర్థం. ఇప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని అద్దం ముఖానికి పైన పట్టుకోండి. కూర్చున్నప్పుడు దవడ అంచున వేలాడిన కండ, ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగిన లోతుగీత, పడుకోగానే తగ్గిపోయాయా? అయితే మీది వదులు సమస్య. ఇంకొకటి. కంటి కింద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే సాగేగుణం ఇంకా ఉంది. నిదానంగా సర్దుకుంటే ఆ గుణం తగ్గింది.

చర్మాన్ని బిగువుగా నిలిపేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. పాతికేళ్ళు దాటాక అది ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్ళలో ముట్లు ఆగిపోయిన మొదటి 5 ఏళ్ళలోనే దాదాపు 30 శాతం పోతుంది. "పోయిన్నేడాది దాకా బాగుంటి, ఉన్నట్టుండి ఇట్లయిపోతి" అని మా అమ్మలు అనేది అందుకే, అది భ్రమ కాదు. వయసు చేసే పని ఇది. ఎండ చేసే పని దీనికంటే గట్టిది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికాకు చెందిన 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవర్ ఫోటో వచ్చింది. 28 ఏళ్ళు బండి నడిపాడు. అక్కడ డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు. కుడి చెంప వయసుకు తగ్గట్టే ఉంది, కిటికీ వైపున్న ఎడమ చెంప మాత్రం మందంగా మారి, లోతైన మడతలు పడి, వేరే ముసలాయనదిలా ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ముడతలు తెచ్చే 'ఎ' రకం (యూవీ-ఎ) అద్దంలోంచి కూడా లోపలికి వస్తుంది. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఆ దెబ్బ కుడి చెంపకు. ఇక అనంతపురం పల్లెల్లో శనక్కాయ చేన్లో కలుపు తీసే ఆడమనిషికి అద్దం అడ్డు కూడా లేదు.

వదులుకు ఇంకో కారణముంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పళ్ళు. దవడపళ్ళు ఊడిపోయి ఏళ్ళ తరబడి కట్టించుకోకపోతే ఆ చోట ఎముక అరిగి, చెంప లోపలికి పీక్కుపోతుంది, పెదవుల చుట్టూ చర్మం ముడుచుకుంటుంది. అలాంటివాళ్ళకు నేను సూది పట్టుకోను, ముందు దంతవైద్యుల దగ్గరికి పంపిస్తాను. కట్టుడుపళ్ళు సరిగ్గా అమరాక ముఖం చాలావరకు నిండుగా కనిపించి, "ఇంకేం వద్దు మేడమ్" అన్నవాళ్ళున్నారు. తొందరపడి బరువు తగ్గినా చర్మం జారుతుంది. బరువు నిలకడగా ఉన్నాకే చికిత్స గురించి ఆలోచించాలి.

ఇక చికిత్సల సంగతి. కదిలితే కనిపించే గీతలకు పనిచేసేది బోటులినమ్ టాక్సిన్. జనం బొటాక్స్ అంటారు గానీ అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. కెనడాలో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరమ్మ కనురెప్పలు అదిరే జబ్బుకు దీన్ని వాడుతుంటే, ఒక పేషెంటుకు కనుబొమల మధ్య గీతలు పోయాయి. ఆమె భర్త ఆలస్టైర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. 2002లో అమెరికా ప్రభుత్వం కనుబొమల మధ్య గీతలకు దీన్ని అనుమతించింది. సూది వేసిన మూడు నాలుగు రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది, మూడు నాలుగు నెలల్లో కరిగిపోతుంది. వేలాడే చెంపను ఇది పైకి లేపదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కండరాల బలహీనత జబ్బులున్నవాళ్ళకు ఇది వద్దు. ఒక్కోసారి రెప్ప వాలిపోతుంది, కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మన ఎండాకాలంలో బస్సులో, కొరియర్‌లో ఎలా వచ్చిందో ఎవరు చూశారు? సీసా మీ ముందే తెరవమనండి, కంపెనీ పేరు, గడువు తేదీ చదవండి, ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకోండి. ఒక కంపెనీ యూనిటు, ఇంకో కంపెనీ యూనిటు ఒకటి కావు. చవకగా దొరికిందని సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

గుంటలు పడ్డ చోట నింపేది ఫిల్లర్. ఎక్కువగా వాడేది హయలురానిక్ ఆమ్లం జెల్. రకాన్ని, చోటును బట్టి ఆరునెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. నచ్చకపోతే కరిగించే ఎంజైము ఉంది, దీంట్లో నాకు నచ్చేది అదే. భయపెట్టేది కూడా ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను. చాలా అరుదుగా ఆ జెల్ రక్తనాళంలోకి పోతుంది. వెంటనే గానీ, కొన్ని గంటల్లో గానీ విపరీతమైన నొప్పి, చర్మం తెల్లగా పాలిపోయి మచ్చలు మచ్చలుగా మారడం, చూపు మసకబారడం జరుగుతాయి. చర్మం విషయంలో కొన్ని గంటలు, కంటి విషయంలో నిమిషాలు లెక్క. ఇప్పుడు ఆలోచించండి. కర్నూలు నుంచి హైదరాబాద్ పోయి, అనంతపురం నుంచి బెంగళూరు పోయి ఫిల్లర్ వేయించుకుని సాయంత్రం బస్సెక్కారు. రెండూ రెండొందల కిలోమీటర్లు పైబడిన దారులే. నడిదారిలో నొప్పి మొదలైతే ఎవరు చూస్తారు? పెద్ద ఊరికి పోతే పోండి గానీ ఆ రాత్రి అక్కడే ఉండండి. ఆ ఎంజైము తమ దగ్గర ఉందో లేదో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడగండి. ఈ రెండు ప్రశ్నలకు విసుక్కునే చోట ముఖం అప్పగించకండి.

చర్మంలోనే పడిపోయిన సన్నగీతలకు ఓపిక కావాలి. ట్రెటినాయిన్ అనే మందుకు మంచి ఆధారాలున్నాయి. రాత్రిపూట బఠాణీ గింజంత ముఖమంతా రాసుకోవాలి, మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులు చాలు. ఫలితానికి నాలుగైదు నెలలు పడుతుంది. గర్భం వచ్చే అవకాశమున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. పీల్స్ అంటే ఆమ్లపు పూతతో చర్మం పైపొరను ఊడదీసే పద్ధతి. ఈ పీల్స్, లేజర్ల విషయంలో మాత్రం మన రంగును మరిచిపోవద్దు. మన చామనచాయ చర్మానికి ముడతలు ఆలస్యంగా పడతాయి, అది మన అదృష్టం. అదే చర్మం ఎక్కడ కాలినా, ఒరిసినా నల్లమచ్చ పెట్టుకుంటుంది, ఆ మచ్చ నెలల తరబడి పోదు. తెల్లవాళ్ళ ముఖాల మీద తీసిన ఫోటోలు చూసి బలమైన లేజర్ అడగకండి. మీలాంటి రంగున్న పేషెంట్ల ముందూ తర్వాతా ఫోటోలు చూపించమనండి. చైత్ర వైశాఖాల ఎండల్లో, పొలం పని ఉన్న రోజుల్లో ఇవి వద్దే వద్దు. కార్తీకం దాటాక చేయించుకోండి, ఒక నెల నీడపట్టున ఉండగలిగితేనే.

కొద్దిపాటి వదులుకు శబ్దతరంగాలతో, రేడియో తరంగాలతో లోపలి పొరను వేడిచేసే యంత్రాలున్నాయి. ఫలితం రెండు మూడు నెలలకు గానీ కనపడదు, కనపడేది కూడా కొద్దిగానే. దారాలతో లాగి కట్టే పద్ధతి కూడా అంతే, ఆ దారాలు కరిగేవే. మెడ, దవడ బాగా జారినవాళ్ళకు ఇవన్నీ వరసగా చేయించి లక్షలు ఖర్చుపెట్టించడం నాకు అన్యాయమనిపిస్తుంది. వాళ్ళకు పనిచేసేది ఆపరేషనే, ఫేస్‌లిఫ్ట్. చెవి ముందు నుంచి చెవి వెనక జుట్టు దాకా కోసి, చర్మం కింద ఉండే గట్టి పొరను బిగించి, మిగిలిన చర్మాన్ని కత్తిరిస్తారు. ఏడెనిమిదేళ్ళు, కొందరికి పదేళ్ళు నిలుస్తుంది. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళు కనీసం నెల ముందు మానాలి, లేకపోతే చర్మం అంచులు కుళ్ళిపోయే ప్రమాదముంది. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, దెబ్బ తగిలిన చోట గడ్డలా మచ్చ లేచేవాళ్ళు ఆ సంగతులు దాచకండి. నుదుటి గీతలు, పెదవి మీది సన్నగీతలు మాత్రం ఈ ఆపరేషన్‌తో పోవు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములంటే నాకు కోపం వస్తుంది. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. మొదటి పదిరోజులు ముఖం నున్నగా మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, ఎర్రటి సన్ననరాలు బయటపడి, మానేస్తే మంట, రాస్తే తాత్కాలిక ఉపశమనం. ముడతలు తగ్గాలని రాసుకున్నది చర్మాన్ని ఇంకా వదులు చేస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టీరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చీటీ లేకుండా ఇస్తున్నారంటే మీరే వద్దనండి.

సూదులు, లేజర్లు చేసేది చర్మవైద్యంలో పీజీ చేసినవాళ్ళో, ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్ళో అయి ఉండాలి. బ్యూటీపార్లర్‌లో ఫేషియల్ చేయించుకోండి, సూది వేయించుకోకండి. గోడ మీద సర్టిఫికెట్ చూడండి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం అమర్యాద కాదు. డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు, కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. చర్మవ్యాధుల ఓపీకి పోయి మీ ముఖానికి ఏం కావాలో, ఏం అక్కర్లేదో అడిగి తెలుసుకోండి. పోయేటప్పుడు పదేళ్ళ కిందటి ఫోటో ఒకటి, మీరు వేసుకునే మాత్రల చీటీ తీసుకుపోండి. పాత ఫోటో చూస్తే ఏం తగ్గింది, ఏం జారింది అనేది డాక్టరుకు చప్పున తెలుస్తుంది.

ఏ చికిత్స చేయించుకున్నా, ఏదీ చేయించుకోకపోయినా సన్‌స్క్రీన్ మానకండి. ఆస్ట్రేలియాలో నాలుగున్నరేళ్ళు జరిపిన పరిశోధనలో రోజూ రాసుకున్నవాళ్ళకు, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ళ కంటే చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అనే అంకె 30 ఉంటే చాలు. చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ, బయల్దేరడానికి పావుగంట ముందు. చేన్లో పనిచేసేవాళ్ళు తలమీది కొంగును నుదుటి ముందుకు బాగా లాక్కోండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వీలైతే చెట్టు కింద ఉండండి. నమస్కారం.