తూముల లెక్క ఉన్న ఫైలు

శ్రోతలకు నమస్కారం.

1998లో మా నాన్నగారు ఊళ్లో నీటి సంఘం పనులు చూసేవారు. చెరువు కింద ఏ తూముకు ఎంత ఆయకట్టు, ఎవరి పొలానికి ఏ వంతున నీళ్లు, అదంతా నోటుపుస్తకంలో రాసుకుని, మండల కేంద్రంలోని డీటీపీ సెంటరులో తెలుగులో టైపు చేయించారు. 14 పేజీలు. ఆ ఫైలును ఫ్లాపీలో, అంటే అప్పటి కంప్యూటరు డిస్కులో ఎక్కించుకుని, బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన దాచారు. పదేళ్లకు వంతుల దగ్గర తగువొచ్చింది. ఫైలు తెరిచాం. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు.

ఫైలు చెడిపోలేదండీ. ఆ ఫాంటూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ ఒక కంపెనీవి. ఆ పాత వెర్షను కొత్త కంప్యూటరులో నడవదు. ఏ గుర్తు వెనక ఏ తెలుగు అక్షరం ఉందో వాళ్లకే తెలుసు. లెక్క మా ఊరిది, తాళంచెవి మాత్రం ఇంకొకరి దగ్గర.

మన ఊళ్లలో బోరింగులు గుర్తున్నాయా? ఇండియా మార్క్ టూ అని, 1970లలో యునిసెఫ్ సాయంతో మన దేశంలో తయారైన చేతిపంపు. దాని డిజైను ఎవరి సొత్తూ కాదు. ఏ వర్క్‌షాపైనా తయారు చేయొచ్చు, వాషరు అరిగితే పని తెలిసిన ఏ మెకానిక్కైనా విప్పి మార్చొచ్చు. అందుకే అది ఆఫ్రికా దేశాల పల్లెల దాకా వెళ్లింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా అలాంటిదే. లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మన అవసరానికి మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు. డబ్బు కట్టక్కర్లేదన్నది తర్వాతి సంగతి. విప్పి చూడొచ్చు అన్నదే అసలు సంగతి.

ఈ మాటను నాకు తెలిసినంతలో అందరికంటే బాగా చెప్పినాయన పెరూ దేశపు చట్టసభ సభ్యుడు, ఎడ్గార్ విల్లనువేవా. ప్రభుత్వ కార్యాలయాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని ఆయన ఒక బిల్లు పెట్టారు. బిల్లు నంబరు 1609. దానికి 2002 మార్చి 21న పెరూలోని మైక్రోసాఫ్ట్ జనరల్ మేనేజరు ఒక ఉత్తరం రాశారు. మర్యాదగానే రాశారు, అభ్యంతరాలు మాత్రం చాలా ఉన్నాయి. ఈ చట్టం పోటీకి అడ్డం అన్నారు. ఉద్యోగాలు పోతాయన్నారు. కంప్యూటర్ల మీద పెట్టే మొత్తం ఖర్చులో లైసెన్సుకయ్యేది 8 శాతమే, ఇక ఆదా ఎక్కడ అన్నారు.

ఏప్రిల్ 8న విల్లనువేవా జవాబు వెళ్లింది. పొడవాటి జవాబు. ఒక్కో అభ్యంతరాన్నీ ఎత్తి చూపి, ఒక్కోదానికీ సమాధానం చెప్పారు. ఆయన పట్టుకున్నవి మూడు సంగతులు. ప్రభుత్వం దగ్గరున్న సమాచారం పౌరుడికి అందాలి. ఆ సమాచారం కలకాలం నిలవాలి, అమ్మినవాడి దయ మీద ఆధారపడకూడదు. మన సమాచారాన్ని మనకు తెలియకుండా బయటికి పంపే ఏర్పాటు లోపల లేదని చూసుకునే వీలుండాలి. ఇవీ ఆ మూడూ. ఖర్చు తగ్గడం మంచిదే కానీ, ఈ బిల్లు పెట్టింది ప్రధానంగా అందుకు కాదని తేల్చి చెప్పారు.

ఉద్యోగాల మాటకు ఆయన ఇచ్చిన సమాధానం నాకు మరీ ఇష్టం. బయటినుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు మీద మా పెరూ కుర్రాళ్లు చేస్తున్నవి చాలావరకు చిన్న చిన్న పనులే, ఎందుకంటే లోపలి కోడు వాళ్లకు కనబడదు. అది కనబడితేనే నైపుణ్యం పెరుగుతుంది, మంచి ఉద్యోగాలు పుడతాయి అన్నారు. ఒక పేద దేశపు ప్రతినిధి అంత పెద్ద కంపెనీకి ఇంత నిబ్బరంగా జవాబివ్వడం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఉత్తరం చాలా భాషల్లోకి వెళ్లింది.

అదే ఏడాది జూలైలో మైక్రోసాఫ్ట్ స్థాపకుడు బిల్ గేట్స్ పెరూ అధ్యక్షుడిని కలిసి 5,50,000 డాలర్ల విరాళం ప్రకటించారు. ఆ బిల్లు ఆ రూపంలో చట్టం కాలేదు. 2005లో మెత్తబడిన చట్టం ఒకటి వచ్చింది: ఏ సాఫ్ట్‌వేరైనా ముందుగా పక్షపాతం లేకుండా పరిశీలించాకే ప్రభుత్వం తీసుకోవాలని. విల్లనువేవా అడిగింది అంతకంటే ఎక్కువ. నా మట్టుకు నాకు ఆయన అడిగిందే న్యాయం.

మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. అక్కడ సర్కారు బడుల్లో కంప్యూటరు పాఠాలు లైనక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదే నడుస్తాయి. టీచర్లే నేర్చుకుని తోటి టీచర్లకు నేర్పారు. 2015లో కేంద్ర ప్రభుత్వం కూడా తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్సుకు, అంటే లోపలి కోడు అందరికీ కనబడే సాఫ్ట్‌వేరుకు, మొగ్గు చూపాలని విధానం ప్రకటించింది. మన తెలుగుకూ చేసినవాళ్లున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు కంప్యూటరు తెరమీది మాటల్నే తెలుగులోకి తెచ్చారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే యూనికోడు ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలేశారు. యూనికోడు అంటే ఒక్కో అక్షరానికి అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న ఒకే గుర్తు ఉండే పద్ధతి. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

ఇక ఇవాళ మీరు ఇంట్లోనే చేయగలిగిన పని ఒక్కటి చెబుతాను. ఒక్కటే. మీ సంఘం తీర్మానాలు, బడి రికార్డులు, పొదుపు గ్రూపు లెక్కలు, ఏవైనా సరే, తెలుగులో టైపు చేయిస్తుంటే యూనికోడులో చేయించండి. లిబ్రేఆఫీస్ అని టైపు చేసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఒకటుంది, ఉచితం, తెలుగులోనూ వస్తుంది. అందులో ఓపెన్ డాక్యుమెంట్ అనే, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఫైలు పద్ధతిలో దాచమనండి. తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టండి. అందులోంచి ఒక పేరా కాపీ చేసి, పక్కింటివాళ్ల ఫోనుకు మెసేజిగా పంపండి. ఏ ఫాంటూ వేయకుండా అక్కడ తెలుగు తెలుగులాగే కనబడితే మీ అక్షరం మీ చేతిలో ఉన్నట్టు. పిచ్చిగీతలు కనబడితే, టైపు చేసినవాళ్ల చేత అప్పుడే మళ్లీ చేయించండి. పదేళ్లు ఆగొద్దు.

మా నాన్నగారి 14 పేజీల అచ్చు ప్రతి ఒకటి చివరికి తూము కాపలా చూసే ఆయన ఇంట్లో, చూరులో దొరికింది. రెండు పేజీలు చెదలు తినేశాయి. మిగిలిన 12 పేజీలూ నేనే కూర్చుని పోతన ఫాంటులో టైపు చేశాను. ఆ రెండు పేజీల్లోని వంతులు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాసుకున్నాను. ఇప్పుడా లెక్క మా ఊళ్లో ఎవరి ఫోనులోనైనా తెరుచుకుంటుంది.