పందిట్లో ఏ మాట ఎవరు అనవచ్చు?

నమస్కారం. శ్రీరామనవమి పందిళ్ళలో రామదాసు కీర్తనలు వినిపించని ఊరు మన గోదావరి డెల్టాలో అరుదు. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అన్న పాదం వచ్చినప్పుడు తాళాలు ఇంకాస్త గట్టిగా మోగుతాయే తప్ప, దేవుణ్ణి అబ్బ పేరెత్తి నిలదీస్తున్నారని ఏ పెద్దమనిషీ చెవులు మూసుకోడు. అదే మాటను ఆ పందిట్లోనే ఒక పాలేరు కుర్రవాడు పక్కవాడితో అంటే మాత్రం, "భజన దగ్గర ఆ మాటలేమిట్రా" అని నలుగురూ గదమాయిస్తారు.

రామదాసు తిట్టులో కోపంతో పాటు గడుసైన హాస్యం కూడా ఉంది. ఆయన తహసీల్దారు, ప్రభుత్వ సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అందుకే సీతమ్మ చింతాకు పతకానికి పదివేల మొహరీలు పట్టాయని రెవెన్యూ ఉద్యోగి లాగానే పద్దులు చదివి, ఇవన్నీ నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని రాముణ్ణే లెక్క అడుగుతాడు. చివరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టానని ఒప్పుకుంటాడు. అంత చనువు లేనివాడు అంత మాట అనలేడు.

కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. రామాయణం ఆడుతున్నప్పుడే హాస్యపు బొమ్మలైన కేతిగాడూ బంగారక్కా తెర మీదికి వచ్చి, ఇంట్లో పిల్లల ముందు అనలేని మాటలు అనుకొనేవారు. ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి నవ్వుకొని, మళ్ళీ సీతమ్మ కష్టాలకు కళ్ళు తుడుచుకొనేవారు.

మరి మోటు మాట వినగానే చెవులు మూసుకొనే ఈ బిడియం ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కచోటి నుంచి అని చెప్పలేము గాని, రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం గారిని దాటి వెళ్ళలేము. 1874లో వివేకవర్ధని పత్రిక స్థాపించి, ప్రహసనాలు రాసి, పెద్దమనుషులను నిర్దాక్షిణ్యంగా నవ్వులపాలు చేసిన ఆయనే, తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనంలో స్త్రీ నోట రాకూడని మాటలున్నాయని మండిపడ్డారు. 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించిన బెంగుళూరు నాగరత్నమ్మ, సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కరలేదా అని ఎదురు ప్రశ్న వేశారు. (తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించిన పరమ భక్తురాలు ఆమె.) ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది, 1947లో గాని నిషేధం తొలగలేదు.

నా ఉద్దేశంలో మన సభ్యత మాటను తూచడం లేదు, అన్న మనిషిని తూస్తున్నది. భక్తుడు తిడితే కీర్తన, కుర్రవాడు తిడితే బూతు. కవి రాస్తే శృంగారం, కవయిత్రి రాస్తే అసభ్యం.

కపిలేశ్వరపురంలో హరికథకు ప్రత్యేకంగా పాఠశాలే ఉన్న ప్రాంతం మనది. నడుమ నవ్వించడానికి చెప్పే పిట్టకథ లేని హరికథ రక్తి కట్టదు. అయినా కొందరు కమిటీ పెద్దలు పిట్టకథలో "మొగుడూ పెళ్ళాం" అన్నా ముఖం చిట్లించి, భార్యాభర్తలనమని హరిదాసుకు చీటీ పంపుతారు. అదే పిట్టకథలో భార్య నలుపునో, పాలేరు యాసనో శుద్ధమైన గ్రాంథికంలో వెక్కిరిస్తే మాత్రం ముందు వరుసలో కూర్చొని హాయిగా నవ్వుతారు. పాత హాస్యమంతా నిలుపుకోవాలని నేను అనను; బంగారక్క మీద వేసిన మోటు హాస్యంలో చాలా భాగం నాకూ నచ్చదు. ఆ చీటీ ఏదో ఇలాంటి వెక్కిరింత వినిపించినప్పుడు పంపితే నాకు అభ్యంతరం లేదు.