ముందు సందు, తర్వాతే బండి

అందరికీ నమస్కారం.

లీనియర్ మోటారుతో నడిచే బండిని డిజైన్ చేయమంటే చాలామంది మొదట దాని ముక్కు గీస్తారు. చదువుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. కానీ కాగితం మీద ముందుగా పడాల్సింది బండికి, దారికి మధ్య ఉండే సందు. మిగతా కొలతలన్నీ దాని వెనకే వస్తాయి.

గుండ్రటి మోటారును ఒక పక్క కోసి చాపలా పరిచారనుకోండి. అదే లీనియర్ మోటారు. గుండ్రంగా తిరగాల్సిన అయస్కాంత క్షేత్రం ఇప్పుడు అలలా ముందుకు పరిగెడుతుంది. ఆ అల వేగం లెక్క సులువే. ఒక ధ్రువం నుంచి పక్క ధ్రువానికి ఉన్న దూరాన్ని రెట్టింపు చేసి, ఫ్రీక్వెన్సీతో గుణించాలి. దూరం 25 సెంటీమీటర్లు, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అయితే సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు.

మామూలు మోటారులో ఖాళీ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. బండికి అంత దగ్గర కుదరదు. పట్టా వంగుతుంది, జనం ఎక్కితే బండి కిందికి దిగుతుంది, చక్రాలు అరుగుతాయి. అందుకని సందు సెంటీమీటరు దాకా పోతుంది. సందు పెరిగితే అదే తోపుకు ఎక్కువ కరెంటు కావాలి. కరెంటుతో వేడి, ఆ వేడిని తీసే ఏర్పాటుతో బరువు పెరుగుతాయి.

ఇక ఆ అలను పుట్టించే కాయిల్స్, అంటే తీగచుట్టలు, ఎక్కడ పెట్టాలి? 1985లో మొదలైన కెనడా నగర రైలు వాంకూవర్ స్కైట్రెయిన్‌లో అవి బండి కిందే ఉంటాయి. పట్టాల మధ్య ఒక లోహపు పట్టీ ఉంటే చాలు. దారి చవక, బండి బరువు. అయినా చక్రాలు బరువు మోస్తే చాలు, తోయక్కర్లేదు కాబట్టి తడి పట్టా మీద కూడా బండి ఎత్తు ఎక్కుతుంది. మోటారు పలచగా ఉంటుంది, చక్రాలు చిన్నవి, ఫ్లోరు కిందికి దిగుతుంది. టోక్యో భూగర్భ రైలు ఓయెదో లైన్‌లో సొరంగాలు చిన్నవిగా తవ్వగలిగింది ఇందువల్లే. అయస్కాంతాలతో తేలే షాంఘై మాగ్లెవ్‌లో ఇది తిరగబడింది. 30 కిలోమీటర్ల దారి పొడవునా కాయిల్స్ ఉంటాయి, బండిలో అయస్కాంతాలే. మొదట్లో అది నడిచిన గంటకు 431 కిలోమీటర్ల వేగంలో బండిని తోసే కరెంటంతా తీగ నుంచి బండిలోకి లాక్కోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఆ ఖర్చు నాకు సబబే అనిపిస్తుంది. ప్రతి కిలోమీటరుకూ ఆగే నగర రైలుకు మాత్రం నేను మొదటి పద్ధతినే ఎంచుకుంటాను.

షాంఘై బండి ఆకర్షణతో తేలుతుంది, సందు దాదాపు 10 మిల్లీమీటర్లు. ఇక్కడే అసలు టెన్షన్. సందు సగమైతే లాగే బలం సుమారు నాలుగింతలవుతుంది. సెన్సర్లు క్షణక్షణం కొలిచి కరెంటు సర్దకపోతే అయస్కాంతం వెళ్లి దారికి అతుక్కుంటుంది. ఒకసారి మా చిన్న మోడల్ ఆగకుండా గురగురలాడింది. కంట్రోల్ ప్రోగ్రాంను వారం రోజులు తిట్టుకున్నాం. తీరా చూస్తే సెన్సర్‌ను బిగించిన పలచటి రేకు వణుకుతోంది. ఆ వణుకునే సందులో మార్పు అనుకుని కంట్రోలర్ కొట్టుకుపోతోంది. ఫ్రేము గట్టిదనం కూడా కంట్రోల్ లెక్కలో భాగమేనని నాకు ఆ రేకే నేర్పింది.

జపాన్ వాళ్లు తమ తేలే బండిలో సందును ఏకంగా 10 సెంటీమీటర్లు చేశారు. అంత దూరంలోనూ పనిచేసే బలం కోసం కరెంటుకు నిరోధమే లేని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలను సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఈ పద్ధతిలో వేగం ఉంటేనే తేలడం, అందుకే గంటకు 150 కిలోమీటర్ల దాకా రబ్బరు చక్రాలు కావాలి. బలమైన క్షేత్రం ప్రయాణికులకు దూరంగా ఉండేలా అయస్కాంతాలను పెట్టెకూ పెట్టెకూ మధ్య అమర్చారు. అంటే సీట్లు ఎక్కడ వేయాలో కూడా అయస్కాంతమే నిర్ణయించింది!

ముక్కు వంతు ఇప్పుడొస్తుంది. వేగం నాలుగింతలైతే గాలి నిరోధం 16 రెట్లు, దాన్ని ఎదిరించే పవర్ 64 రెట్లు. 2015 ఏప్రిల్‌లో గంటకు 603 కిలోమీటర్లు అందుకున్న జపాన్ ఎల్‌0 బండికి 15 మీటర్ల ముక్కు ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు మీ కాగితాలు తీయండి. సందు గీసి, దాని పక్కన ఒక ప్రశ్నకు జవాబు రాయండి: దారిలో కరెంటు పోతే ఈ సందు ఏమవుతుంది? షాంఘై బండిని బ్యాటరీలు కాసేపు తేల్చి ఉంచుతాయి, ఆగాక అది కింద ఉండే జారుడు కాళ్ల (స్కిడ్ల) మీద కూర్చుంటుంది. జపాన్ బండి అయస్కాంతాల్లో కరెంటు తిరుగుతూనే ఉంటుంది, వేగం తగ్గాక చక్రాలు దిగుతాయి. మీ బండి ఏం చేస్తుందో ఒక్కొక్కరే వచ్చి బోర్డు మీద చూపించండి.