లిండ్‌మన్ పార్టీ గురించి నాలుగు మాటలు

వేదిక మీది పెద్దలకు, పొద్దుటి నుంచి ఈ హాలు సర్దిన కుర్రాళ్లకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓపిగ్గా వింటున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్లు నాకిచ్చిన అంశం ‘స్వీడన్ మోడరేట్ పార్టీ: చరిత్ర, విధానాలు’. మా కొమ్యూన్ (ఇక్కడి స్థానిక పాలన సంస్థ) ఎన్నికల్లో నేను ఈ పార్టీకే ఓటేస్తూ వచ్చాను. అందుకని ఇవాళ నేను చెప్పేది గిట్టనివాడి మాట అనుకోకండి.

ఈ పార్టీ 1904 అక్టోబర్ 17న స్టాక్‌హోమ్‌లో, రూనన్ అనే రెస్టారెంటులో పుట్టింది. అప్పటి పేరు అల్‌మెన్నా వాల్‌మన్స్‌ఫర్‌బుందెత్. దానికి పెద్దదిక్కు అర్విద్ లిండ్‌మన్. నౌకాదళం నుంచి వచ్చిన మనిషి, రెండుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. 1909లో మగవాళ్లకు ఓటుహక్కు, ఓట్ల వాటాను బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి ఆయన ప్రభుత్వమే తెచ్చింది. ఆడవాళ్ల ఓటు దగ్గరికొచ్చేసరికి ఇదే పార్టీ మొండికేసింది. 1918లో పక్కనే జర్మనీలో రాజు గద్దె దిగి విప్లవం వచ్చాక గానీ దారికి రాలేదు. ఈ మచ్చ దాచిపెట్టి చరిత్ర చెప్పలేను.

ఇక్కడ కాసేపు ఆగుతాను. నా టైమంతా దీనికే పోయినా ఫర్వాలేదు.

1930ల మొదట్లో ఈ పార్టీ యువజన విభాగం హిట్లర్ జర్మనీని చూసి మురిసిపోవడం మొదలుపెట్టింది. 1932 ఎన్నికల్లో పార్టీ అప్పటికే చాలా సీట్లు పోగొట్టుకుని ఉంది. అలాంటి సమయంలో ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్లను ఎవరైనా వదులుకుంటారా? ‘కుర్రతనం, వాళ్లే సర్దుకుంటారు’ అని సరిపెట్టుకోవచ్చు కదా! లిండ్‌మన్ సరిపెట్టుకోలేదు, తెగతెంపులు చేసుకున్నాడు. ముగ్గురు ఎంపీలు ఆ కుర్రాళ్ల వెంట వెళ్లిపోయారు. కొత్త యువజన విభాగాన్ని మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. బయటికి పోయినవాళ్లు సొంత పార్టీ పెట్టి 1936లో పోటీచేస్తే ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో విమానం కూలి లిండ్‌మన్ చనిపోయాడు.

మళ్లీ చెబుతున్నాను. అది పార్టీ నష్టాల్లో ఉన్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం. గెలుపు ఊపులో ఉన్నప్పుడు ఎవరైనా తీసుకోగలరు.

నిర్వాహకులు చీటీ పంపారు, టైము అయిపోతోందట. మిగతా కథ గబగబా చెప్పేస్తాను. 1969లో మోడరేట్ అనే ఇప్పటి పేరు పెట్టుకున్నారు. 1991లో కార్ల్ బిల్ట్ ప్రధాని అయ్యాడు. మరుసటి ఏడాది వచ్చిన వోచర్ పద్ధతి, అంటే పిల్లలు ఎంచుకున్న స్కూలుకు ప్రభుత్వ డబ్బు వెళ్లే పద్ధతి వల్లే మనలో చాలామంది పిల్లలు ఇవాళ ప్రైవేటు యాజమాన్యంలోని స్కూళ్లలో ఫీజు లేకుండా చదువుతున్నారు. 2002లో పార్టీ 15 శాతానికి పడిపోయింది. తర్వాత వచ్చిన ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్ సంక్షేమ రాజ్యంతో తగవు మానేసి, పనిచేసేవాళ్లకు పన్ను తగ్గిస్తామన్నాడు. 2006లో గెలిచాడు, 2010లో 30 శాతం ఓట్లు తెచ్చాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ల కథ మొదలయ్యింది కూడా ఆయన హయాంలోనే. 2008 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, బయటి దేశం మనిషి అవసరమా కాదా అన్నది కంపెనీయే తేల్చుకోవచ్చు. అంతకుముందు ప్రభుత్వ ఉపాధి సంస్థ ఒప్పుకోవాల్సి ఉండేది. కార్మిక సంఘాల సమాఖ్య వద్దన్నా మోడరేట్లు పట్టుబట్టి ఆ తలుపు తెరిచారు. స్టాక్‌హోమ్‌లో ఐటీ కంపెనీలుండే కిస్తాలో ఇవాళ ఇంత తెలుగు వినబడుతోందంటే ఆ చట్టం చలవ చాలా ఉంది.

మరి 2022లో ఏం జరిగింది? మా నాయకుడు ఉల్ఫ్ క్రిస్టెర్‌షన్ ప్రధాని కావడానికి, వలసల్ని వ్యతిరేకించే స్వీడన్ డెమొక్రాట్లతో కలిసి మోడరేట్లు టీడో ఒప్పందం అనే పొత్తు ఒప్పందం మీద సంతకం పెట్టారు. 1988లో పుట్టిన ఆ పార్టీ స్థాపకుల్లో నాజీ సంబంధాలున్నవాళ్లు ఉన్నారని, వాళ్లే రాయించుకున్న చరిత్ర పుస్తకం ఒప్పుకుంది. మా వైపు 176 సీట్లు, అవతలి వైపు 173, వాళ్లు లేకపోతే ప్రభుత్వమే లేదు అంటారు మా పార్టీ మిత్రులు. నాటోలో చేరాం, గ్యాంగుల మీద గట్టి చట్టాలు తెచ్చాం అంటారు. నిజమే, ఆ రెండూ నేనూ కోరుకున్నవే. కానీ సీట్ల లెక్క లిండ్‌మన్‌కు మాత్రం తెలియదా?

2023 నవంబర్‌లో వర్క్ పర్మిట్‌కు కనీస జీతం 13,000 క్రోనర్ల నుంచి మధ్యస్థ జీతంలో 80 శాతానికి, అంటే 27,360కి పెంచారు. మనం ఐటీ వాళ్లం, మనకేం టెన్షన్ లేదని అప్పుడు చాలామంది అన్నారు. అమ్మా, అయ్యా, అలా అనకండి! హోటళ్లలో వండేవాళ్లు, ఆఫీసులు తుడిచేవాళ్లు కూడా మనలాగే ఆ తలుపులోంచి వచ్చినవాళ్లే.

పన్నుల భాగం రాసుకొచ్చాను, వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం వినండి. పౌరసత్వం లేకపోయినా, వరుసగా మూడేళ్లు ఇక్కడి జనాభా రిజిస్టరులో ఉంటే కొమ్యూన్‌కు, దాని పై స్థాయి రీజియన్‌కు ఓటు వేయొచ్చు. ఎన్నికలు 2026 సెప్టెంబర్ 13న. ప్రచారం రోజుల్లో పార్టీలన్నీ కూడళ్లలో వాల్‌స్టూగాలు, అవే ఆ చిన్న చెక్క గుడిసెలు, పెట్టుకుంటాయి. మోడరేట్ల దగ్గరికి వెళ్లండి. లిండ్‌మన్ చేసింది తప్పా అని అడగండి, వండేవాళ్ల పర్మిట్ల గురించి అడగండి. స్వీడిష్ రాకపోతే ఇంగ్లిష్‌లో అడగండి, జవాబు చెబుతారు. ఒక్కరే వెళ్లడానికి మొహమాటంగా ఉంటే నాకు ఫోన్ చేయండి, తోడు వస్తాను.