పాయింటు అంటే ఏమిటి?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక వైరింగు కాంట్రాక్టరు చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, పాతపట్నం నుంచి శ్రమపడి వచ్చిన మాస్టార్లకు, ముందు వరసలో ఉన్న అమ్మలకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా పనివాళ్లందరికీ నమస్కారం. ఇటు పక్క కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. మీ కోసమే మాట్లాడబోతున్నాను.

నన్ను మాతృభాష గొప్పదనం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. గిడుగు రామమూర్తి గారి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పటికే చెప్పారు. నేను ఒక్కటే గుర్తు చేస్తాను. ఆయన ఈ ఊళ్లో పంతులుగా ఉంటూ సవర భాష పట్టుదలగా నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తాపత్రయపడ్డారు. అర్థం కాని మాటల్లో చెప్పేది చదువు కాదని ఆయన నమ్మకం. మరి అర్థం కాని మాటల్లో రాసిన కాగితం మీద మనం సంతకాలు ఎందుకు పెడుతున్నాం? నేను అడగడానికి వచ్చింది ఇదే.

మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బజార్లో ఒడియా. సైటులో సూపర్‌వైజరుతో హిందీ. సంతకం పెట్టేది మాత్రం ఇంగ్లీషు కాగితం మీద. సంతకం పెట్టాక "నేను చదవలేదండీ" అంటే మామూలుగా కోర్టు వినదు.

మా నాన్న తాపీమేస్త్రి. ముప్పై ఏళ్లు కాగితం లేకుండా పని చేశాడు. ఇంటాయనది పక్కవీధి. డబ్బు ఆలస్యమైతే మా నాన్న సాయంత్రం వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. రెండో రోజుకి డబ్బు వచ్చేది. ఇప్పుడు నాకు పని ఇచ్చే కంపెనీ ఆఫీసు ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఏ అరుగు మీద కూర్చోను?

నా సంగతి చెప్తాను. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. గుణుపురంలో మూడంతస్తుల హాస్టలు. పెద్ద కాంట్రాక్టు వాళ్లది, వైరింగు లేబరు నాది. పాయింటుకి, అంటే సుమారుగా ఒక్కో లైటుకి, ఫ్యానుకి, ప్లగ్గుకి చేసే వైరింగుకి, 350 రూపాయలు. 2021లో స్లాబు పైపులతో మొదలుపెట్టాం. గోడల్లో పైపులకి గాడి కొట్టాం, వైరు లాగాం, బోర్డులు బిగించాం. 2022 ఫిబ్రవరిలో ఫ్యాన్లన్నీ తిరిగాయి. ఆరుగురు కుర్రాళ్లు నా దగ్గర. గది అద్దెకి తీసుకుని అక్కడే వండుకుని పని చేశాం. ఒక్క బోర్డు కూడా తిరిగి విప్పాల్సిన అవసరం రాలేదు.

కొలత దగ్గర కూర్చున్నాం. నా లెక్క 640 పాయింట్లు, అంటే 2,24,000 రూపాయలు. వాళ్ల లెక్క 471. అంటే 1,64,850. ఒకే బిల్డింగు, ఒకే గోడలు, 169 పాయింట్లు ఏమయ్యాయి?

మెట్ల లైటు చూడండి. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, మధ్యలో ఒక బల్బు. పైపు ఎక్కువ, వైరు ఎక్కువ, పని ఎక్కువ. నేను రెండు పాయింట్లు కట్టాను. వాళ్లు ఒకటే అన్నారు. బోర్డులోనే ఉన్న ప్లగ్గుకి మన దగ్గర అర పాయింటు కట్టడం రివాజు. వాళ్లు సున్నా అన్నారు. మూడో అంతస్తులో ఏసీ పాయింట్లు డ్రాయింగులో లేవు. ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేసి "వేసెయ్, తర్వాత చూసుకుందాం" అన్నాడు. వేశాను. బిల్లు రోజుకి ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు.

వర్కార్డరు, అంటే పని ఇస్తూ సంతకం పెట్టించుకునే ఒప్పందం, పదకొండు పేజీలు. పాయింటు అంటే ఏమిటో ఒక్క పేజీలోనూ లేదు. ఇది మీరు గట్టిగా పట్టుకోవాలి. రేటు కోసం మనం గంటసేపు బేరమాడతాం, 340 కాదు 350 అని. దేనికి ఆ రేటో అడగం. పెయింటింగు వాళ్లూ వినండి, చదరపు అడుగు అంటే కిటికీ ఖాళీ తీసేసిందా, తీయనిదా? సెంట్రింగు వాళ్లకీ ఇదే తంటా. పది రూపాయల బేరం కంటే ఆ ఒక్క వాక్యం రాయించుకోవడం ముఖ్యం.

ఇంకా ఉంది. ప్లాస్టరింగు ఆలస్యమై మా పని ఆగితే, ఆ ఆలస్యం మా మీద రాసి కోత వేశారు. పనిలో లోపం బయటపడితే ఉంటుందని, రిటెన్షన్ పేరుతో పదో వంతు ఏడాది దాకా ఆపుతామన్నారు. మిగిలినదాని కోసం అడిగితే ఏడో క్లాజు చూపించారు. పైనుంచి, అంటే హాస్టలు కట్టించేవాళ్ల దగ్గర, వాళ్ల బిల్లు పాసయ్యాకే మాకు ఇస్తారట. "బ్యాక్ టు బ్యాక్" అన్నారు. ఆ రోజు దాకా నేను ఆ మాట వినలేదు. కుర్రాళ్లకి మాత్రం నేను పైనుంచి వచ్చాక ఇస్తానని చెప్పలేను కదా! వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగాలి. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఆరుగురికీ కూలి ఇచ్చేశాను.

రెండు నెలలు తిప్పారు. ఏప్రిల్లో పిలిచి నలభై వేల చెక్కు బల్ల మీద పెట్టి, పక్కనే ఒక కాగితం పెట్టారు. "ఇక్కడ సంతకం పెట్టు, చెక్కు తీసుకో." పెట్టాను. అంతకు ముందు ఇచ్చింది ఎనభై వేలు. మొత్తం 1,20,000. ఆ కాగితంలో ఏముందో ఇంటికి వచ్చాక మా అన్నయ్య కొడుకు చదివి చెప్పాడు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. నాకు రావలసింది ఏమీ లేదని, ఇక ఏమీ అడగనని. ఆపిన రిటెన్షన్ కూడా అందులోనే పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇవాళ కూడా గుణుపురం వెళ్తే ఆ వీధిలోకి వెళ్లను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అయ్యా, ఇంకొక్క ఐదు నిమిషాలు. ఇది భాష సంగతే.

తర్వాత నేను తెలుసుకున్నవి చెప్తాను. నోటిమాట కూడా ఒప్పందమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం అదే చెప్తుంది. ఊరికే చేసిన సాయం కాకుండా పని చేసి, అవతలివాడు దాని లాభం పొందితే, ప్రతిఫలం ఇవ్వాలని డెబ్బయ్యో సెక్షన్ ఉంది. కానీ సాక్ష్యం ఎక్కడ? అందుకే ఇంజనీరు "వేసెయ్" అన్న వెంటనే ఫోనులో మెసేజి పెట్టండి. "సార్, మీరు చెప్పినట్టు మూడో అంతస్తులో ఏసీ పాయింట్లు అదనంగా వేస్తున్నాను, రేటు ఇంత." అతను జవాబివ్వకపోయినా, మీరు ఆ రోజే రాశారన్నది మిగులుతుంది. ఆ ఫోను అమ్మెయ్యకండి, మెసేజీలు చెరిపెయ్యకండి.

2006లో చిన్న పరిశ్రమల చట్టం వచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉన్న సంస్థకి, ఒంటరిగా పని చేసే మనలాంటివాడికి కూడా, బిల్లు డబ్బు 45 రోజులు దాటి ఆపడానికి వీల్లేదు. ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. పని ఇచ్చిన కంపెనీ దేశంలో ఎక్కడున్నా, ఇలాంటి బకాయిల తగాదాలు చూసే మన రాష్ట్రం కౌన్సిల్లోనే కేసు వెయ్యొచ్చు. రిజిస్ట్రేషన్‌కి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. పని మొదలుపెట్టక ముందే చేయించుకోండి. సామానుతో కలిపి చేసే వర్క్స్ కాంట్రాక్టుకి ఈ చట్టం వర్తించదని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అందుకని మీ పని ఏ కోవలోకి వస్తుందో ముందే వకీలుని అడగండి. జిల్లా న్యాయ సేవా సంస్థలో ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి వకీలు ఉచితం.

టీడీఎస్ అని, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, మీ బిల్లులో ఒక శాతం కోస్తారు. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ కావాలి. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే, రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. కోసి కట్టనివాళ్లూ ఉన్నారు, ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మీ పాన్ లెక్క చూసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

పని అయ్యాక డబ్బు కోసం దావా వెయ్యడానికి మామూలుగా మూడేళ్లు. నేను వకీలు దగ్గరికి వెళ్లేసరికి నాకు మూడేళ్లు దాటిపోయాయి. ఆయన నా కాగితాలు చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశారు.

నా పదకొండు పేజీల వర్కార్డరుని ఇక్కడికి వచ్చిన మాస్టార్లలో ఒకరు తెలుగులోకి రాసిపెట్టారు. జెరాక్సులు తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. ఏ క్లాజు ఎక్కడ ఉంటుందో చూసుకోండి. ఆ మాస్టారు సభ అయ్యాక అక్కడే కూర్చుంటారు, ఎవరి దగ్గరైనా సంతకం పెట్టని కాగితం ఉంటే చదివి చెప్తారు.

ఆ వెనక నీలం చొక్కా అబ్బాయీ, పొద్దున్న టీ కొట్టు దగ్గర చెప్పావు, రేపు రాయగడలో సంతకం పెట్టాలని. వెళ్లిపోకు నాయనా. ఆ కాగితం తెచ్చావా?